ఆరోగ్యవతులకు పిలుపు

2020 మార్చి 26వ తేదీన అమెరికా దేశమునందలి రొమ్ము శస్త్రవైద్యుల సంఘమును, ఎక్స్‌రే వైద్యుల సంస్థయు కలిసి యొక ప్రకటన వెలువరించినవి. ఒంటిలో ఏ బాధయు లేక, కేవలము గడువు వచ్చినదన్న కారణమున మామోగ్రాము తీయించుకొనదలచిన స్త్రీలు మరల కబురు చేయువరకు ఆసుపత్రులకు రావలదనుట దాని సారాంశము. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించి అప్పటికి పదునైదు దినములు. మన దేశమున లాక్‌డౌను మొదలై రెండవ దినము. మాస్కులకును, చేతి తొడుగులకును కరవు వచ్చిన ఆ దినములలో అట్టి నిర్ణయమును తప్పుపట్టుటకు వీలులేదు. అయినను అందలి వింత గమనింపదగినది. ఏబది యేండ్లకు పైగా జాబులు వ్రాసి, టెలిఫోనులు చేసి, వ్యానులలో యంత్రముల నెక్కించుకొని వాడవాడకు తిరిగి, ఆరోగ్యముగా నున్న స్త్రీలను ఒక్కమారు వచ్చి పొమ్మని బతిమాలుకొనిన వైద్యలోకమే, ఆ వసంతమున, తన నోటితో తానే రావలదని చెప్పవలసివచ్చెను.

రొమ్ము క్యాన్సరును ముందుగా పసికట్టు పరీక్షల చరిత్రమును చెప్పువారు సాధారణముగా దానిని యంత్రముల చరిత్రముగా చెప్పుదురు: ఎవరు ఏ గొట్టమును కనిపెట్టిరి, ఏ ఫిల్ము వాడిరి, బొమ్మ ఎంత స్పష్టముగా వచ్చినది అని. ఆ కథ అసత్యము కాదు గాని, ముఖ్యమైన సగము అందు లోపించుచున్నది. రోగి వైద్యుని వెదకుకొనుచు పోవుట అనాదిగా నున్నది. రోగము లేనివారిని వెదకుకొనుచు వైద్యుడు వచ్చుట మాత్రము ఇటీవలి ఆచారము. ఆ ఆచారము యంత్రముపై కన్న పిలుపుపై నెక్కువగా నిలిచియున్నదని నా యభిప్రాయము. 2020లో ఆగినది యంత్రము కాదు, పిలుపు. పిదప యంత్రములు శీఘ్రముగనే మరల తిరిగెను. పిలుపు తిరిగి వచ్చుటయే కష్టమయ్యెను.

ఈ వ్యాధి పురాతనమైనది. క్రీస్తుపూర్వము 1600 ప్రాంతమున ఈజిప్టునందు వ్రాయబడి, ఎడ్విన్ స్మిత్ అను నతని పేర నేడు ప్రసిద్ధమైయున్న పాపిరస్ గ్రంథములో, 45వ ప్రకరణము రొమ్ముపై ఉబికిన గడ్డలను వర్ణించి, వీనికి చికిత్స లేదని చెప్పి ముగించుచున్నది. ఇతర ప్రకరణములలో కట్టును, లేపనమును, పథ్యమును విధించిన ఆ వైద్యుడు ఇచ్చట చేతులు ముడుచుకొనెను. మన సుశ్రుతుడు నిదానస్థానమున అర్బుదమును గూర్చి చెప్పుచు, అది గుండ్రనిది, కదలనిది, నొప్పి తక్కువది, లోతైన మూలము కలది, చిరకాలమునకు పెరుగునది, చీము పట్టనిది అనెను. అందు నొప్పి తక్కువది అను మాటయే ఈ వ్యాధి చరిత్రములోని దుఃఖమునకెల్ల మూలము. కాలిలో ముల్లు గ్రుచ్చుకొనినచో ఎవరును తాళలేరు. నొప్పిలేని గడ్డను మాత్రము ఏండ్ల తరబడి దాచుకొనగలరు. అందునా అది స్త్రీ తన తల్లికైనను చూపుటకు సంకోచించు చోట పుట్టునప్పుడు చెప్పవలసిన దేమున్నది? రాచపుండు అను మాటను మన పెద్దలు ఇంటిలో గొంతు తగ్గించి పలుకుటకు భయమెంత కారణమో, సిగ్గు నంతే కారణము.

కత్తి యొక్కటే చికిత్సగా నున్న కాలములో ఆలస్యము చేసిన స్త్రీని నిందించుటకు నాకు నోరు రాదు. ఆంగ్ల నవలారచయిత్రి ఫానీ బర్నీ 1811 సెప్టెంబరు 30వ తేదీన పారిస్ నగరమున, తన యింటనే, నెపోలియను సేనలకు శస్త్రవైద్యుడైన లారే చేత రొమ్ము తీయించుకొనెను. మత్తుమందు లేదు, త్రాగుటకిచ్చిన మద్యమిశ్రితమైన కషాయమొక్కటే ఉపశమనము. నల్లని దుస్తులు ధరించిన యేడుగురు గదిలో ప్రవేశించుటయు, ముఖముపై కప్పిన పలుచని చేరుమాలుగుండ కత్తి మెరుపు కానవచ్చుటయు ఆమె పిదప తన సోదరికి వ్రాసిన దీర్ఘలేఖలో వర్ణించినది. ఆ లేఖను ముగించుటకు ఆమెకు నెలలు పట్టెను. వ్రాసినదానిని తిరిగి చదువుటకు ధైర్యము చాలలేదు. అటుపిమ్మట ఆమె 1840 వరకు జీవించినది. బర్నీ శస్త్రచికిత్సకు ఏడేండ్ల ముందే, 1804లో, జపాను దేశమున హనవోకా సెయిషూ అను వైద్యుడు మూలికలతో చేసిన మత్తుమందు త్రాగించి, అరువదేండ్ల వృద్ధురాలికి ఇదే శస్త్రచికిత్సను నొప్పి తెలియకుండ చేసియుండెను. ద్వారములు మూసికొనియున్న ఆ దేశపు వార్త ఐరోపాకు చేరలేదు. శతాబ్ది చివర అమెరికాలో హాల్‌స్టెడ్ రొమ్ముతోపాటు ఎదకండరములను, చంకలోని బిళ్ళలను కూడ సమూలముగా తొలగించు పద్ధతిని నెలకొల్పెను. సుమారు ముప్పాతిక శతాబ్దము అదియే రాజ్యమేలెను. కత్తి యెంత లోతునకు పోయినను, వచ్చినవారు ఆలస్యముగా వచ్చినవారే కావున ఫలితము పరిమితముగనే యుండెను.

కాబట్టి ఇరువదవ శతాబ్దారంభమున వైద్యుల దృష్టి చికిత్సనుండి కాలమువైపు మరలెను. 1913లో అమెరికాలో క్యాన్సరు నియంత్రణ సంఘ మేర్పడి, ఆలస్యము చేయవలదని బోధించుట నారంభించెను; 1936 నుండి వేలకొలది స్త్రీలు ఖాకీ దుస్తులు ధరించి, సైన్యమువలె సంఘటితులై, ఆ బోధను గడపగడపకు మోసిరి. కాని వారు పిలిచినది గడ్డ చేతికి తగిలినవారినే. చేతికి తగులకముందే చూచు కన్ను వారికి లేదు.

ఆ కన్ను అదే 1913లో బెర్లినులో తెరచుకొనెను, లోకము చూడలేదు. ఆల్బర్ట్ సాలమన్ అను శస్త్రవైద్యుడు, శస్త్రచికిత్సలో తొలగింపబడిన సుమారు మూడువేల రొమ్ములను ఎక్స్‌రే తీసి, ఆ బొమ్మలను కోసి చూచిన కణజాలముతో సరిపోల్చి, క్యాన్సరున్న చోట ఇసుకరేణువులంతేసి సున్నపు చుక్కలు కనబడుచున్నవని ప్రకటించెను. మామోగ్రాము చూచు వైద్యులు నేటికిని వెదకుచున్నది ఆ చుక్కలనే. కాని సాలమన్ వాని నొక విశేషముగా చెప్పి విడిచెను. బ్రతికియున్న స్త్రీకి ఆ పరీక్ష చేయవచ్చునను నూహ అప్పటికి ప్రబలలేదు. మరుసటి యేడు మహాయుద్ధము. ఆ వెనుక నాజీల రాజ్యము వచ్చి, యూదుడైన యాతడు పదవినుండి తొలగింపబడి, 1938లో నిర్బంధశిబిరమునకు పంపబడి, బయటపడి హాలెండునకు పారిపోయెను. ఆతని కుమార్తె షార్లోటె, నేడు లోకము మెచ్చుచున్న చిత్రకారిణి, 1943లో ఆష్విట్జ్ శిబిరమున చంపబడినది. వైద్యచరిత్ర గ్రంథములు సాలమన్‌కు రెండు పంక్తులకు మించి యియ్యవు. ఆతని జీవితము మాత్రము ఆ శతాబ్దపు గాయములన్నిటిని మోసినది.

యంత్రము సంగతి త్వరగా చెప్పి ముగింతును. ఉరుగ్వే దేశమున లెబోర్న్ రొమ్మును పలకల నడుమ అదిమి తీసినచో బొమ్మ స్పష్టమగునని చూపెను. పరీక్షకు పోయివచ్చిన స్త్రీలు నేటికిని సణుగుకొనుచున్న ఆ అదుముడు ఆయన వరమే. 1960లో హ్యూస్టన్ నగరమున రాబర్ట్ ఈగన్ తక్కువ వోల్టేజితో, సూక్ష్మమైన ఫిల్ముతో, ఎవరు తీసినను ఒకే తీరున వచ్చు పద్ధతిని స్థిరపరచెను. 1960ల నడిమి యేండ్లలో ఫ్రాన్సు దేశీయుడు చార్లెస్ గ్రో రొమ్ముకొరకే ప్రత్యేకముగా యంత్రము చేయించెను.

ఇప్పుడు అసలు కథ. 1963 డిసెంబరులో న్యూయార్కు నగరమున ఒక ఆరోగ్య బీమా సంస్థలో సభ్యులైన 40 మొదలు 64 ఏండ్ల స్త్రీలను సుమారు 62 వేల మందిని రెండు సమభాగములు చేసి, ఒక భాగమువారిని ఏటేట మామోగ్రామునకును, చేతిపరీక్షకును పిలుచుట, రెండవవారిని మామూలు వైద్యమునకు విడుచుట అను మహాప్రయోగము ప్రారంభమయ్యెను. గణాంకవేత్త సామ్ షాపిరో, శస్త్రవైద్యుడు లూయీ వెనెట్, ఎక్స్‌రే వైద్యుడు ఫిలిప్ స్ట్రాక్స్ దానికి కర్తలు. స్ట్రాక్స్ భార్య బెర్తా ముప్పదితొమ్మిదవ యేట ఇదే వ్యాధితో మరణించియుండెను. ఆతని పట్టుదల వెనుక ఆ మరణమున్నదని తెలిసినపుడు, ఆతడు వ్యానులో యంత్రము నమర్చి, ఉద్యోగినులు మధ్యాహ్నభోజనమునకు వెలికివచ్చు వేళకు వీధిప్రక్కన నిలిపి కాచుకొనియుండుటలోని ఆతురత మనకు బోధపడును. లేఖ వ్రాసిరి, బదులు రాకున్న మరల వ్రాసిరి, టెలిఫోను చేసిరి. ఇంత చేసినను పిలువబడినవారిలో మూడింట రెండు వంతులవారు మాత్రమే వచ్చిరి. అయినను కొన్నియేండ్లకు లెక్క చూడగా, పిలువబడిన భాగమున రొమ్ము క్యాన్సరు మరణములు సుమారు మూడవవంతు తక్కువగా తేలినవి. ఈ లెక్కలో వచ్చినవారిని, రానివారిని వేరుచేయలేదు. పిలువబడిన వారందరిని ఒక్కటిగా పట్టి లెక్కించిరి. ఏలనన, వచ్చువారు స్వభావముచేతనే జాగరూకులు కావచ్చును; వారిని మాత్రమే లెక్కించినచో పరీక్ష మహిమ యేదో, వారి స్వభావమహిమ యేదో తెలియదు. అనగా శాస్త్రము నిజముగా తూచినది మామోగ్రామును కాదు, మామోగ్రామునకు రమ్మను పిలుపును. చరిత్రకారులు దీనికి తగినంత గౌరవమీయకుండుట నాకు వింతగా తోచును.

ఆ పిమ్మట ఉత్సాహము కట్టలు తెంచుకొనెను. 1973 మొదలు అమెరికాలో రెండు లక్షల ఎనుబదివేలమంది స్త్రీలకు పరీక్షలు జరిపిరి. 1974 సెప్టెంబరులో అధ్యక్షుని భార్య బెట్టీ ఫోర్డు తనకు రొమ్ము తీసివేసిరని దాపరికము లేక చెప్పుటతో, మరి కొలది వారములకే ఉపాధ్యక్ష పదవికి ప్రతిపాదింపబడిన రాక్‌ఫెల్లరు భార్యకును అదే వ్యాధి బయటపడుటతో, స్త్రీలు బారులు తీరిరి. లక్షల జాబులు చేయలేని పనిని ఒక గృహిణి నిర్మొగమాటము చేసినది. 1976లో జాన్ బెయిలర్ అను శాస్త్రజ్ఞుడు, ఏబదేండ్లలోపు వారికి ఏటేట ఎక్స్‌రే తీయుటవలన మేలుకన్న కీడెక్కువ కావచ్చునని హెచ్చరించగా ఆ ఉత్సాహము కొంత చల్లబడెను; యంత్రములు వెలువరించు కిరణములను తగ్గించు ప్రయత్నము ముమ్మరమయ్యెను. స్వీడనులో రెండు జిల్లాలలో 1977లో మొదలైన ప్రయోగము 1985లో 31 శాతము మరణములు తగ్గినవని చూపెను. మరుసటి యేడు బ్రిటనులో సర్ పాట్రిక్ ఫారెస్టు నివేదిక వెలువడి, 1988నుండి 50 మొదలు 64 ఏండ్ల ప్రతి స్త్రీకి మూడేండ్లకొకమారు, ఫలానా దినమున ఫలానా వేళకు రమ్మని, ప్రభుత్వము తనంత తానే జాబు వ్రాయు నేర్పాటు స్థిరపడెను.

వివాదము లేదని చెప్పినచో నేను చదువరులను మోసగించినవాడనగుదును. కెనడాలో 1980లో మొదలైన ప్రయోగము మామోగ్రామువలన మరణములు తగ్గలేదనెను. ఎన్నటికిని ప్రాణము తీయని మందగతి గడ్డలు కూడ యంత్రమునకు చిక్కి, అనవసరముగా కోతకు, కరెంటు పెట్టించుకొనుటకు గురియగుచున్నవని డెన్మార్కు శాస్త్రజ్ఞులు 2000 నుండి ఘోషించిరి. 2012లో బ్రిటనులో మార్మట్ అధ్యక్షతన సమావేశమైన నిపుణులు, పదివేలమంది స్త్రీలను ఇరువదేండ్లపాటు పిలిచినచో 43 మరణములు తప్పునని, 129 మందికి అవసరములేని చికిత్స జరుగునని లెక్క చెప్పిరి. ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూపుటయే నిజాయితీ. ఎవరి తూనికలో ఏది మొగ్గునో వారికే తెలియును. నా తూనికలో ఆ 43 ప్రాణములే బరువు. తన రొమ్మును తానే నెలనెల పరీక్షించుకొనుటవలన మరణములు తగ్గునా యని షాంఘై నగరపు నేతమిల్లులలో 2,66,064 మంది స్త్రీలపై పరిశోధించి, తగ్గలేదని 2002లో ప్రకటించిరి. దీనిని విని గడ్డ తగిలినను ఊరకుండుమని యర్థము చేసికొనరాదు. తన శరీరము తనకు తెలిసియుండుట వేరు, నియమబద్ధమైన పరీక్ష వేరు.

నివారణము అను మాటను పరీక్షకు తగిలించుట మనకు అలవాటైనది. పరీక్ష మరణమును నివారించును గాని వ్యాధిని నివారింపదు. వ్యాధినే తగ్గించు మార్గముల చరిత్ర వేరుగా నున్నది. పదునెనిమిదవ శతాబ్దారంభమున ఇటలీ వైద్యుడు రమజీని ఈ వ్యాధి సన్యాసినులలో మెండని గమనించెను. 1926లో ఇంగ్లండున జానెట్ లేన్-క్లేపాన్ 500 మంది రోగులను, 500 మంది ఆరోగ్యవతులను ప్రశ్నించి, ఆలస్యముగా పెండ్లి యాడినవారికి, తక్కువ బిడ్డలు కలవారికి, పాలీయనివారికి ముప్పెక్కువని స్థాపించెను. నేటి వైద్యపరిశోధనలో మూలపద్ధతి యైన ఆ సరిపోల్చు విధానమునకు ఒక స్త్రీ పురుడు పోసినది. 2002లో ముప్పది దేశముల పరిశోధనలను గుదిగ్రుచ్చి చూడగా, పాలిచ్చిన ప్రతి పండ్రెండు మాసములకును ముప్పు 4.3 శాతము తగ్గునని తేలెను. మద్యము, ముట్లుడిగిన పిదప పెరుగు స్థూలకాయము, అపుడు దీర్ఘకాలము వాడు హార్మోను బిళ్ళలు ముప్పును పెంచును; దేహపరిశ్రమ తగ్గించును. అయినను ఇవన్నియు పాటించిన స్త్రీకి సైతము ఈ వ్యాధి రావచ్చును గనుక పిలుపు అవసరము తీరదు.

మన దేశమున ఆసుపత్రులు ముందు వచ్చినవి, పిలుపు వెనుక వచ్చినది. బొంబాయిలో టాటా స్మారక ఆసుపత్రి 1941లోను, ముత్తులక్ష్మీరెడ్డి కృషిచే మద్రాసు అడయారున క్యాన్సరు సంస్థ 1954లోను, హైదరాబాదున మెహదీ నవాజ్ జంగ్ పేరుగల క్యాన్సరు ఆసుపత్రి 1955లోను వెలసినవి. క్యాన్సరుతో మరణించిన తన సతి బసవతారకము పేర నందమూరి తారకరామారావు తలపెట్టిన ఆసుపత్రి 2000లో తెరువబడెను. చికిత్సలో తెలుగువాని పాలు వేరొకటి కలదు: భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలనుండి నడిపిన కృషి ఫలమైన మెథోట్రెక్సేట్, ఆయన మరణించిన మూడేండ్లకు, 1951లో, జేన్ రైట్ అను నల్లజాతి వైద్యురాలి చేతులలో రొమ్ము క్యాన్సరు గడ్డలను కరగించెను. మన ఆసుపత్రుల వరండాలలో గోడకానుకొని కీమోకై వేచియుండు స్త్రీలలో ఎందరికి ఆ పేరు తెలియును?

మామోగ్రాము యంత్రములు నగరములలోనే యుండుటయు, మన స్త్రీలకు పాశ్చాత్యులకన్న సుమారు పదేండ్లు ముందుగానే ఈ వ్యాధి వచ్చుటయు గమనించి, టాటా ఆసుపత్రి వైద్యులు ఇంద్రనీల్ మిత్రా, రాజేంద్ర బడ్వే ప్రభృతులు 1998లో మరొక మార్గము పట్టిరి. ముంబయి మురికివాడలందలి 1,51,538 మంది స్త్రీలను ఇరువది గుంపులుగా విభజించి, సగము గుంపులకు రెండేండ్లకొకమారు, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలైన స్త్రీలచేత చేతితో రొమ్ము పరీక్ష చేయించిరి. ఆ కార్యకర్తలు వైద్యులు కారు. చేతివ్రేళ్లును, ఓపికయు వారి సాధనములు. ఇంటికి పోయి, అత్తగారితో మాటాడి, కోడలిని ఒప్పించుట వారి పనిలో పెద్దభాగము. ఇరువదేండ్ల పైచిలుకు వెంబడించి చూడగా, పరీక్షింపబడినవారిలో ముదిరిన దశలో దొరికినవి 37 శాతము, తక్కినవారిలో 47 శాతము. మరణములు మొత్తముమీద 15 శాతము తగ్గినట్లు కనబడినను అది కాకతాళీయము కాదని రుజువు చేయునంత బలమైనది కాదు. ఏబదేండ్లు నిండినవారిలో మాత్రము తగ్గుదల సుమారు 30 శాతము, నిస్సంశయము. ఈ ఫలితము 2021 ఫిబ్రవరిలో, కోవిడ్ నడిమిలో, వెలువడెను. దీనికి ముందే 2016లో కేంద్రప్రభుత్వము 30 మొదలు 65 ఏండ్ల స్త్రీలకు అయిదేండ్లకొకమారు ఇట్టి చేతిపరీక్ష చేయింపవలెనని విధించియుండెను. కాగితముపై నది గొప్ప విధి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో ఎన్నడైనను రొమ్ము పరీక్ష చేయించుకొంటిమన్నవారు నూటికి ఒక్కరుకూడ లేరు, 0.9 శాతము.

ఇట్లుండగా మహమ్మారి వచ్చెను. అమెరికాలో పేదస్త్రీలకై నడుపబడు ప్రభుత్వపథకమున 2020 ఏప్రిలులో రొమ్ము పరీక్షలు, అంతకుముందు అయిదేండ్ల ఏప్రిలు సగటుతో పోల్చగా, 87 శాతము పడిపోయినవి. హాలెండు మార్చి 16న పరీక్షలనాపి, తిరిగి మొదలిడిన పిదప రెండేండ్ల గడువును మూడేండ్లవరకు సాగదీసికొనెను. అమెరికా జాతీయ క్యాన్సరు సంస్థకు అప్పటి అధ్యక్షుడు షార్ప్‌లెస్, రొమ్ము, పెద్దప్రేగు క్యాన్సరులవలన పదేండ్లలో పదివేల మరణములు అదనముగా సంభవింపగలవని జూనులో హెచ్చరించెను. మరుసటి యేడు మరింత నిదానముగా లెక్క వేసినవారు, రొమ్ము క్యాన్సరుకు సంబంధించినంతవరకు 2030 నాటికి 2,487 అనిరి. మొదటి భయమంత పెద్దది కాకపోవుటకు, పరీక్షాకేంద్రములు త్వరగా తెరచుకొనుట ముఖ్యకారణము. ఆ 2020 సంవత్సరముననే, 22.6 లక్షల క్రొత్త రోగులతో, రొమ్ము క్యాన్సరు ప్రపంచమున ఊపిరితిత్తుల క్యాన్సరును దాటి మొదటి స్థానమునకు వచ్చెను.

ఇంగ్లండు కథ నా వాదమునకు మిక్కిలి పనికివచ్చును. వాయిదాపడిన పిలుపులు కుప్పలుగా పేరుకొనగా, అచ్చటి యధికారులు 2020 శరదృతువులో, దినమును వేళను నిర్ణయించి వ్రాయు జాబులకు బదులు, మీరే టెలిఫోను చేసి వేళ కుదుర్చుకొనుడని వ్రాయించిరి. రాకపోవువారివలన ఖాళీలు మిగులరాదని వారి యాలోచన, లెక్కప్రకారము తెలివైనదే. బొట్టుపెట్టి పిలిచిన పేరంటమునకును, వీలైతే రండన్న మాటకును నడుమనున్న దూరము మన ఆడవారిని అడిగినచో వారు చెప్పియుందురు. అంతకుముందేటి 69 శాతమునుండి వచ్చినవారి సంఖ్య 62 శాతమునకు దిగెను. కోవిడ్ భయమును అందు కలిసియున్నది నిజమే. అయినను జాబులోని ఒక్క వాక్యము మారుటవలన కూడ స్త్రీలు తగ్గిరని అచ్చటివారే అంగీకరించి, తరువాత పాతపద్ధతికి మరలిరి.

మన దేశమున మార్చి 22నుండి రైళ్ళు నిలిచిపోయినవి. జిల్లాలనుండి నగరమునకు వచ్చి ముక్క పరీక్ష చేయించుకొనవలసినవారు ఊళ్ళలో చిక్కిరి. 41 క్యాన్సరు కేంద్రముల లెక్కలను 2021లో ప్రకటించిరి: 2020 మార్చి మొదలు మే వరకు, అంతకుముందేటి అవే నెలలతో పోల్చగా, క్రొత్తరోగుల నమోదు 54 శాతము తగ్గెను, పెద్ద శస్త్రచికిత్సలు సుమారు సగమయ్యెను, ముందుజాగ్రత్త పరీక్షలు నూటికి డెబ్బదికి పైగా కేంద్రములలో పూర్తిగా ఆగుటయో, నాలుగవవంతుకు దిగుటయో జరిగెను. అంతకన్న మౌనముగా జరిగినది వేరొకటి. ముప్పదేండ్లు దాటినవారి యింటికి పోయి, రొమ్ములో గడ్డ కలదా, చనుమొననుండి రక్తము వచ్చుచున్నదా అని అడిగి కాగితము నింపవలసిన ఆశా కార్యకర్త, జ్వరము కలదా, దగ్గు కలదా అని అడుగుచు అవే గడపలు తొక్కినది. రెండు తెలుగు రాష్ట్రములలోను ఇంటింటి జ్వరసర్వేలు ఆమె కాళ్ళమీదనే నడచినవి. పిలుచువారు ఒక్కరే, పిలుపు మారినది.

2021లో టీకాలు వచ్చినవి, చిత్రమైన చిక్కొకటి తెచ్చినవి. టీకా వేసిన చేతివైపు చంకలో బిళ్ళలు కట్టి, మామోగ్రామున క్యాన్సరు వ్యాపించినట్లు భ్రమ కల్పించెను. టీకాకు ముందుగాని, రెండవ మోతాదైన నాలుగారు వారములకుగాని పరీక్షకు రండని అమెరికా వైద్యులు మొదట చెప్పి, ఆ వాయిదావలన మరల ఆలస్యమగుచున్నదని గ్రహించి, మరుసటి యేడు ఆ నియమమును సడలించిరి. ఏ చేతికి ఏ దినమున టీకా వేయించుకొనినది చెప్పినచాలును.

2023 మార్చి 8న తెలంగాణ ప్రభుత్వము ఆరోగ్య మహిళ అను పేర, ప్రతి మంగళవారము స్త్రీలకు ప్రత్యేక పరీక్షలు జరుపు నేర్పాటు చేసెను. రొమ్ము పరీక్ష అందొకటి. మంగళవారము నాడు క్రొత్తపని తలపెట్టరాదను పట్టింపు గల మన పల్లెలలో ఈ వారమునే యెన్నుకొనుట సాహసమే. ఇట్టి కేంద్రములలో నేను చూడగోరునది క్రొత్త యంత్రమును కాదు. వచ్చినవారి పేరుకెదురుగా, తిరిగి రావలసిన సంవత్సరమును నెలయు వ్రాసియుంచు రిజిస్టరును, ఆ నెల వచ్చినపుడు ఆ పేటలోనే యుండు ఆశా కార్యకర్త చేతికి ఆ పేర్ల పట్టీని అందించు గుమాస్తాను చూడగోరుదును. మరల మహమ్మారియే వచ్చి కేంద్రము మూతపడినను, తెరచిన మొదటి మంగళవారమున ముందెవరిని పిలువవలెనో ఆ పట్టీయే చెప్పును.